లక్క గొడుగు మందా, తెగులా? చెట్టు పుట్టగొడుగుల్లో దేన్ని దేనికి ఎంచుకోవాలి

మా చిన్నాన్నది సోంపేట దగ్గర కొబ్బరి తోట. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చి సగానికి పైగా చెట్లను నేలకూల్చింది. మిగిలినవాటిలో రెండు చెట్ల మొదట్లో కొన్నాళ్ళకు ఎర్రగా, లక్క పూసినట్టు నిగనిగలాడే గొడుగులు పుట్టాయి. పోయిన వానాకాలం నేను వెళ్ళేసరికి ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఒక చేతిలో ఆ గొడుగు ముక్క, ఇంకో చేతిలో క్యాప్సూల్స్ డబ్బా. డబ్బా మీది బొమ్మ, చేతిలోని ముక్క అచ్చు గుద్దినట్టు ఒకలాగే ఉన్నాయి.

"ఏట్రా ఇది? సెట్టుని సంపేసిన తెగుల్నే డబ్బాలో ఎట్టి మనిసికి మందంటన్నారు. నిజమేనేటి?" అని అడిగాడు.

కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే రక్త పరీక్షలో ఆయన క్రియాటినిన్ అప్పటికే రెండు దాటింది. కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఈ ఉద్దానం ప్రాంతంలో ఆ మాట చాలు, ఇల్లంతా టెన్షన్. డబ్బా అమ్మింది తెలిసిన మనిషే. మూడు నెలలు వాడితే కిడ్నీలు శుభ్రమైపోతాయని చెప్పి, నెలకు రెండు వేల పైచిలుకు తీసుకున్నాడట. ఆ రోజు నుంచి నేను ఈ చెట్టు గొడుగుల గురించి చదువుతూ, తెలిసినవాళ్ళను అడుగుతూ, కనిపించిన ప్రతి మోడునూ తిరగేసి చూస్తూ వచ్చాను. ఇచ్ఛాపురం నుంచి విజయనగరం దాకా మన చెట్ల మీద కనిపించేవి, మన ఫోన్లలో అమ్మకానికి వచ్చేవి కలిపి, దేన్ని దేనికి వాడొచ్చో, దేన్ని ముట్టుకోకూడదో ఇక్కడ రాస్తున్నాను.

నా ఎంపిక ముందే చెప్పేస్తాను. చేతిపనికి, నిప్పుకి, పిల్లలకు చూపించడానికి చెట్టు గొడుగులను సంతోషంగా వాడుకోండి. కూరకైతే పెంచినవే కొనండి. మందుగా మాత్రం చెట్టు నుంచి ఊడదీసింది ఎవరికీ వద్దు. డబ్బాలో వచ్చేది కూడా కిడ్నీ జబ్బు, కాలేయ జబ్బు ఉన్నవాళ్ళకూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళకూ వద్దు. మిగిలినవాళ్ళు కొనాలనుకుంటే ఏం చూసుకోవాలో కింద వివరంగా చెబుతాను.

ముందు గుర్తుపట్టడం

పుట్టగొడుగు అన్న పేరులోనే పుట్ట ఉంది. వానలు పడగానే పుట్టల మీద లేచేవి వేరు, చెట్టు మీద అరలాగా, చిప్పలాగా అతుక్కుని పెరిగేవి వేరు. తినడానికి పనికిరానివాటన్నిటినీ కలిపి కుక్కగొడుగులు అనేసి వదిలేస్తాం. ఎంచుకోవాలంటే ఆ ఒక్క పేరు చాలదు.

లక్క గొడుగు అని నేను రాస్తున్నది గానోడెర్మా. పైన ఎర్ర గోధుమ రంగులో వార్నిష్ మెరుపు, అంచు తెల్లగానో పసుపుగానో ఉంటుంది. కొబ్బరితో పాటు ఇతర చెట్ల మొదళ్ళలో కూడా వస్తుంది. దానికే చుట్టమైన ఇంకోటి మెరుపు లేకుండా బూడిద గోధుమ రంగులో, ఏళ్ళ తరబడి పొర మీద పొరగా పెరుగుతుంది. దాని అడుగు తెల్లగా ఉంటుంది, గోరుతో గీస్తే గోధుమ రంగు గీత పడి అలాగే నిలిచిపోతుంది. పనస లాంటి గట్టి చెక్క చెట్ల మీద గిట్టలాగా, రాయంత గట్టిగా ఉండే గోధుమ రంగుది ఫెల్లినస్. ఎండిన దుంగల మీద, కాలిన మోళ్ళ మీద కంటికి కొట్టొచ్చినట్టు నారింజ ఎరుపులో పలచగా కనిపించేది పిక్నోపోరస్. చచ్చిన కొమ్మల మీద నల్లగా బొగ్గు ఉండల్లా ఉండి, కోస్తే లోపల వలయాలు వలయాలుగా కనిపించేది డాల్డీనియా. తడిసినప్పుడు చెవి తమ్మెలాగా మెత్తగా, ఎండితే పెళుసుగా మారేది చెవి గొడుగు. ముత్యపు చిప్ప గొడుగు (ఆయిస్టర్ మష్రూమ్) సంగతి కూరల దగ్గర చెబుతాను.

అడుగు భాగం చూడటం అలవాటు చేసుకోండి. సన్నటి సూది రంధ్రాలు కనిపిస్తే ఒక జాతి, పుస్తకం పేజీల్లాగా పలచటి మడతలు కనిపిస్తే ఇంకో జాతి. మడతలున్న వాటిలోనే ప్రాణాంతకమైన విషాలు ఎక్కువ. "చెట్టు మీద పెరిగేది విషం కాదు, నేల మీదదే విషం" అని చాలామంది నమ్ముతారు. అది తప్పు. చల్లటి దేశాల్లో కుళ్ళిన చెక్క మీద పెరిగే గాలెరీనా అనే చిన్న గొడుగులో కాలేయాన్ని చంపే విషమే ఉంది. వెండి నాణెం నల్లబడటం, వెల్లుల్లి రంగు మారడం, పసుపు నీళ్ళ పరీక్ష, వీటిలో ఏదీ విషాన్ని పట్టుకోలేదు. ఉడికించినా ఆ విషం పోదు. పైగా తిన్న ఆరు గంటల దాకా, ఒక్కోసారి రోజు దాకా కూడా ఏమీ అనిపించదు. తర్వాత వాంతులు, విరేచనాలు మొదలై, ఒకరోజు తగ్గినట్టే ఉండి, ఆ తర్వాత కాలేయం పడిపోతుంది. అనుమానం వస్తే తగ్గిందిలే అని ఆగకుండా, మిగిలిన ముక్క కూడా పట్టుకుని 108కి ఫోన్ చేయండి.

లక్క గొడుగు: చెట్టుదా, డబ్బాదా, కాఫీదా?

చిన్నాన్న ప్రశ్నకు జవాబు ఇదీ: అవును, చెట్టును చంపేది, డబ్బాలో వచ్చేది ఒకే కుటుంబం. కానీ ఒకటే కాదు.

చైనాలో లింగ్‌జీ అని, జపాన్‌లో రీషి అని పిలిచే గొడుగును రెండు వేల ఏళ్ళుగా మందుగా వాడుతున్నారు. ఎక్కువసేపు మరిగించి, చేదు కషాయంగా తాగుతారు. మన దేశంలోనూ మధ్య భారతంలోని బైగా గిరిజనులు ఆయాసానికి గానోడెర్మా వాడతారని పరిశోధకులు రాసి పెట్టారు. కాబట్టి మందన్న మాట నిన్న మొన్న పుట్టింది కాదు. అయితే దశాబ్దాల పాటు చైనా గొడుగునూ, యూరప్ గొడుగునూ, మన కొబ్బరి తెగులునూ అన్నిటినీ గానోడెర్మా లూసిడం అన్న ఒకే పేరుతో పిలిచారు. 2012లో గానీ చైనాలో మందుగా పెంచేది వేరే జాతి అని తేల్చి, దానికి లింగ్‌జీ పేరే పెట్టలేదు. అంటే డబ్బా మీది బొమ్మ చూసి, "ఇదే మన తోటలో ఉంది, ఊరికే డబ్బులెందుకు పెట్టాలి" అని ఊడదీసి మరిగించుకోవడం సరికాదు.

తోటలోది వద్దనడానికి నాకు ఇంకా పెద్ద కారణం ఉంది. కొబ్బరికి మనం మందు ఎక్కడ ఎక్కిస్తాం? వేరు ద్వారా. ఆకుతేలుకైనా, నల్లికైనా మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందును కవర్లో పోసి వేరుకు కట్టడం మన తోటల్లో ఏళ్ళ తరబడి సాగిన పద్ధతి. ఈ తెగులుకే హెక్సాకొనజోల్ అనే శిలీంద్రనాశిని కూడా అలాగే ఎక్కిస్తారు. ఆ చెట్టు మొదలును తిని పెరిగిన గొడుగును కషాయం కాచుకోవడం నేను ఎవరికీ చెప్పలేను. రోడ్డు పక్క చెట్లదీ అంతే. పుట్టగొడుగులు చుట్టూ ఉన్న సీసం, కాడ్మియం లాంటి లోహాలను పీల్చి దాచుకుంటాయి.

ఇక డబ్బాదాని సంగతి. పనిచేస్తుందా? షుగరు, బీపీ, కొలెస్టరాల్ మీద వైద్య పరీక్షల ఫలితాలన్నిటినీ కలిపి తూచి చూసే కోక్రేన్ సంస్థ 2015లో ఒక సమీక్ష చేసింది. 5 పరీక్షలు, 398 మంది. టైప్ 2 షుగరు ఉన్నవాళ్ళలో షుగరు తగ్గించడానికి దీన్ని వాడటాన్ని ఆ ఫలితాలు సమర్థించడం లేదని తేల్చారు. క్యాన్సర్ మీద చేసిన ఇంకో సమీక్షలో, అసలు చికిత్సకు బదులుగా వాడటానికి ఆధారం లేదు, చికిత్సతో పాటు వాడితే కొందరికి కాస్త మేలు ఉండొచ్చు అన్నారు. కిడ్నీలు "శుభ్రం" చేస్తుందన్న మాటకు నేను చదివిన వాటిలో ఎక్కడా నిలబడే రుజువు కనిపించలేదు.

నష్టం ఉందా? ఉంది. పొడిగా వాడినవాళ్ళలో కాలేయం దెబ్బతిన్న కేసులు హాంకాంగ్ నుంచి, థాయిలాండ్ నుంచి నమోదయ్యాయి. రక్తం గడ్డకట్టడాన్ని ఇది నెమ్మదింపజేయగలదు. ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ వేసుకునే గుండె రోగులకూ, రేపోమాపో ఆపరేషన్ ఉన్నవాళ్ళకూ ఇది పనికిరాదు.

అయినా ఆరోగ్యంగా ఉన్న మనిషి సరదాగా ప్రయత్నిస్తానంటే పొడి, కషాయం, కాఫీలలో ఏది? నా ఓటు కషాయానికి. పుట్టగొడుగు కణాల గోడలు కైటిన్ అనే పదార్థంతో కట్టినవి. పీత పెంకులో ఉండేదీ అదే. మన కడుపు దాన్ని సరిగా అరిగించుకోలేదు. వేడినీళ్ళలో ఎక్కువసేపు మరిగిస్తేనే లోపలి పదార్థాలు నీళ్ళలోకి దిగుతాయి. అందుకే పాత వైద్యం మరిగించమంది. ఊరికే రుబ్బిన పొడిని క్యాప్సూల్లో నింపితే అందులో సగం సంగతి కడుపు దాటి వెళ్ళిపోతుంది. ఇక కాఫీ ప్యాకెట్లు నేను ఎవరికీ సలహా ఇవ్వను. చాలావాటిలో ముందు వరుసలో ఉండేది చక్కెర, పాలపొడి, ఆ తర్వాతే గొడుగు. షుగరుకు మందని చెప్పి షుగరు ఉన్న మనిషికి అమ్మడం నాకు కోపం తెప్పిస్తుంది.

కొనేముందు ప్యాకెట్ వెనక్కి తిప్పండి. ఆహారంగా అమ్మేదైతే 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉండాలి. ఆయుర్వేద మందుగా అమ్మేదైతే తయారీ లైసెన్స్ నంబరు ఉండాలి. ఏ జాతి, గొడుగు పొడా బీజాంశాలా (గొడుగు వదిలే విత్తనాల్లాంటి సన్నటి పొడి), ఎన్ని మిల్లీగ్రాములు అన్నది రాసి ఉండాలి. క్యాన్సర్, షుగరు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడం 1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం ప్రకారం నేరం. ఆ మాట డబ్బా మీద రాయకుండా నోటితో చెప్పి అమ్ముతున్నారంటే ఎందుకో ఆలోచించండి.

చాగా మీద ఒక మాట, ఉద్దానం వాళ్ళకు ప్రత్యేకంగా

ఈ మధ్య ఫోన్లో రీషి పక్కనే చాగా అని ఇంకోటి కనిపిస్తోంది. అది రష్యా లాంటి చల్లటి దేశాల్లో భూర్జ (బర్చ్) చెట్ల మీద నల్లగా కాలిన బొగ్గులా పెరిగేది. అక్కడివాళ్ళు టీలాగా కాచుకుంటారు. మన చెట్ల మీద దొరకదు, కాబట్టి వచ్చేదంతా కొన్నదే. ఇందులో, కిడ్నీల్లో స్ఫటికాలుగా పేరుకోగల ఆక్సలేట్ అనే పదార్థం చాలా ఎక్కువ. జపాన్‌లో 72 ఏళ్ళ ఆవిడ ఒకరు కాలేయ క్యాన్సర్‌కని రోజుకు నాలుగైదు చెంచాల చాగా పొడిని ఆరు నెలలు తీసుకున్నారు. కిడ్నీలు పాడయ్యాయి, పరీక్ష చేస్తే లోపల ఆక్సలేట్ స్ఫటికాలు కనిపించాయి. ఈ కేసు 2014లో వైద్య పత్రికలో వచ్చింది.

కవిటి, కంచిలి, సోంపేట, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం, ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. బయటికి ఏ లక్షణమూ లేకుండానే కిడ్నీ సగం పోయి ఉండొచ్చు. అలాంటి చోట చాగా, రీషి రెండింటిలో ఏది మంచిదని ఎవరైనా అడిగితే నేను రెండూ వద్దంటాను. ముందు రక్త పరీక్ష చేయించుకోండి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో ప్రారంభమయ్యాయి. ఇప్పటికే ఏదైనా పొడి వాడుతుంటే దాచకండి, డబ్బా పట్టుకెళ్ళి డాక్టరు బల్ల మీద పెట్టండి. చిన్నాన్న సిగ్గుపడి రెండు నెలలు చెప్పలేదు. చెప్పాక ఆయన్ను ఎవరూ తిట్టలేదు, ఆపమన్నారు, అంతే.

నెమలి తోక రంగులతో వలయాలు వలయాలుగా ఉండే ట్రామెటీస్ గురించీ అడుగుతుంటారు. దాని నుంచి తీసిన పీఎస్‌కే అనే పదార్థాన్ని జపాన్ 1977లో క్యాన్సర్ చికిత్సకు తోడు మందుగా అనుమతించింది. చెట్టు గొడుగుల్లో ఆసుపత్రి గుమ్మం ఎక్కినవాటిలో ఇది ముఖ్యమైనది. కానీ అది ప్రయోగశాలలో పెంచి, శుద్ధి చేసి, కొలత ప్రకారం కీమోతో పాటు ఇచ్చినది. దుంగ మీద కనిపించిన పొరను మరిగిస్తే ఆ మందు కాదు.

నోటి పూతకు పనస గొడుగు

పశ్చిమ కనుమల వైపు పనస చెట్టు మీది ఫెల్లినస్‌ను ఫణసాంబా అంటారు. మనం పిల్లలకు కరక్కాయ అరగదీసినట్టే దాన్ని సాన మీద నీళ్ళతో అరగదీసి, నోరు పూసినప్పుడూ, పసిపిల్లలకు చొంగ ఎక్కువ కారుతున్నప్పుడూ చిగుళ్ళకు రాస్తారు. ఆస్ట్రేలియా ఆదివాసులు నారింజ రంగు పిక్నోపోరస్‌ను నోటి పుండ్లకు చప్పరించేవారు. ఆ రంగు పదార్థంలో సూక్ష్మక్రిములను అడ్డుకునే గుణం ఉందని తర్వాత ప్రయోగశాలల్లో చూశారు. ఒకరితో ఒకరికి సంబంధం లేని మనుషులు చెట్టు గొడుగును నోటి పూతకే వాడటం నన్ను బాగా ఆకట్టుకుంది.

అయినా మన ఇంట్లో ఏది ఎంచుకోవాలంటే, పెద్దవాళ్ళకు ఉప్పునీళ్ళ పుక్కిలింత చాలు. పసిపిల్లల నోట్లో అడవి గొడుగు పెట్టొద్దు. ఇక మన జిల్లాలకే చెందిన ఒక సంగతి ఉంది. మన పల్లెల్లో, ముఖ్యంగా పెద్ద వయసు ఆడవాళ్ళలో, అడ్డపొగ అలవాటు ఉంది. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పీల్చడం వల్ల అంగిలి తెల్లబడటం, పుండు పడటం, అది క్యాన్సర్‌గా మారడం ఇక్కడ డాక్టర్లు దశాబ్దాలుగా చూస్తున్నదే. అలాంటి అమ్మమ్మకు నోట్లో పుండు రెండు వారాలైనా మానకపోతే ఏ గొడుగూ, ఏ ఆకూ రాయకండి. నోరు తెరిపించి డాక్టరుకు చూపించండి. పుండు నొప్పి లేకుండా ఉంటే ఇంకా తొందరగా వెళ్ళాలి.

కూరకి ఏది

ఇక్కడ ఎంపిక సులువు. ముత్యపు చిప్ప గొడుగులు కొనండి, లేదా పెంచుకోండి. అడవిలో చచ్చిన మానుల మీద పెరిగే జాతినే వరిగడ్డి మీద సంచుల్లో పెంచుతారు. శ్రీకాకుళంలో గడ్డికి కొదవ లేదు, చలికాలం వాతావరణం దానికి సరిగ్గా సరిపోతుంది. విత్తనం కలిపి సంచి కట్టిన మూడు వారాలకు తెల్లటి బూజు అల్లుకుని, ఆ తర్వాత గొడుగులు బయటికి వస్తాయి. ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రంలో ఎలా మొదలుపెట్టాలో అడిగి చూడండి. ఒక్క జాగ్రత్త: డయాలసిస్ మీద ఉన్నవాళ్ళకు పుట్టగొడుగుల్లోని పొటాషియం ఇబ్బంది, డాక్టరును అడిగే తినాలి.

చెవి గొడుగు చైనా వంటలో రోజూ పడేదే. ఎండబెట్టినది ప్యాకెట్లలో దొరుకుతుంది, ఫ్రైడ్ రైస్ బళ్ళ దగ్గర మీరు తినే ఉంటారు. రుచి పెద్దగా ఉండదు, కరకరలాడే తీరే దాని అందం. నానబెట్టేటప్పుడు అరగంట, గంట చాలు. రాత్రి నానేసి పొద్దున్నే వండుదామని బయట వదిలేయకండి. ఎక్కువసేపు నానిన చెవి గొడుగులో ఒక బ్యాక్టీరియా పెరిగి, వండినా పోని విషాన్ని తయారుచేస్తుంది. చైనాలో అలా మనుషులు చనిపోయారు. మన ఉక్కపోతలో ఆ ప్రమాదం తక్కువేమీ కాదు. రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు ఇది కూడా ఎక్కువ తినొద్దు, దీనికీ ఆ గుణం ఉంది.

సీతంపేట, కురుపాం కొండల్లో సవర, జాతాపు కుటుంబాలు ఏ వానకు ఏ గొడుగు ఎక్కడ లేస్తుందో చిన్నప్పటి నుంచీ చూస్తూ పెరుగుతాయి. ఆ ఇంటి పెద్ద తన ఊరి అడవిలో ఏరింది తినడం వేరు. మనం ఫోన్లో బొమ్మ చూసి పోల్చుకుని తినడం వేరు. యాప్ చెప్పిందని తినకండి.

నిప్పు, పొగ, చేతిపని

1991లో ఆల్ప్స్ మంచులో ఒక మనిషి శవం దొరికింది. 5,300 ఏళ్ళ నాటిది. ఓట్జీ అని పేరు పెట్టారు. అతని దగ్గర రెండు రకాల చెట్టు గొడుగులు ఉన్నాయి. తోలు తాడుకు గుచ్చి పెట్టుకున్నది భూర్జ చెట్టు గొడుగు, బహుశా మందుకు. సంచిలో ఉన్నది నిప్పు రాజేసే ఫోమెస్. అంత పాత మనిషి కూడా మందుదీ నిప్పుదీ వేరువేరుగా పెట్టుకున్నాడు.

యూరప్‌లో ఆ ఫోమెస్ లోపలి పొరను కోసి, నానబెట్టి, బాది, మేక తోలంత మెత్తగా చేసేవారు. చెకుముకి నిప్పురవ్వ పట్టడానికి అదే. క్షవరం చేసేవాళ్ళు గాటు పడితే రక్తం ఆపడానికి అదే అద్దేవారు. రొమేనియాలో ఇప్పటికీ దానితో టోపీలు చేస్తారు. పొందూరు ఖాదీలో పత్తి ఏకడానికి వాలుగ చేప దవడను వాడే మన చేనేతవాళ్ళకు ఈ తెలివి కొత్తగా అనిపించదు.

మన చెట్ల వాటిలో నిప్పుకి ఏది? రవ్వ పట్టడానికి నల్లటి డాల్డీనియా మేలు. బాగా ఎండితే చిన్న నిప్పురవ్వకే అంటుకుని మంట లేకుండా లోలోపల కాలుతుంది. ఒకసారి అంటుకున్న నిప్పును గంటల తరబడి నిలబెట్టుకోవాలంటే దళసరిగా ఉండే గానోడెర్మా ముక్కే మంచిది. పశువుల శాలలో దోమలకు పొగ వేయడానికి ఎండిన గొడుగు పనికొస్తుంది. ఇంట్లో మాత్రం ఏ పొగా వద్దు. ఆయాసం ఉన్నవాళ్ళుంటే అసలు వద్దు, దోమతెర కట్టండి.

పిల్లలకు చూపించడానికైతే తెల్ల అడుగు ఉన్న గానోడెర్మా కంటే మంచిది లేదు. పచ్చిగా ఉన్నప్పుడే పుల్లతో బొమ్మ గీసి, అడుగు ఎక్కడా తాకకుండా వారం పాటు నీడలో ఆరబెడితే బొమ్మ ఏళ్ళ తరబడి ఉంటుంది. మా అన్నయ్య కూతురు దాని మీద మహేంద్రగిరి గీసింది. ఇప్పటికి మూడేళ్ళు, చెరగలేదు. పురుగు పట్టకుండా ఎండిన వేపాకుల మధ్య పెట్టాం. పెద్ద గొడుగు ఒకటి రోజుకు 3,000 కోట్ల బీజాంశాలు వదులుతుందని లెక్క. అందుకే పచ్చిదాన్ని పడకగదిలో ఆరబెట్టొద్దు, తుమ్ములు తప్పవు.

చెట్టు మీద ఉంచితేనే ఉపయోగం

గొడుగును కోయకుండా చూడటం వల్ల వచ్చే లాభం అన్నిటికంటే పెద్దదని నేననుకుంటాను. మాను మీద అరలాంటి గొడుగు బయటికి వచ్చిందంటే లోపల చేవ కుళ్ళి చాలాకాలమైందని అర్థం. బొబ్బిలి వీణ చెక్కేవాళ్ళకు పనస మాను కావాలి, లోపల మెత్తబడిన మాను వాళ్ళకు పనికిరాదు. మాను కొనేముందు బెరడు చుట్టూ తిరిగి చూడండి, ఒక్క ఫెల్లినస్ గిట్ట కనిపించినా బేరం ఆపండి. ఇంటి మీదికి వాలిన చెట్టుకు మొదట్లో గొడుగులు కనిపిస్తే అక్టోబరు దాకా ఆగకండి. హుద్‌హుద్ 2014 అక్టోబరులో, తిత్లీ 2018 అక్టోబరులో వచ్చాయి. పచ్చగా కనిపిస్తూనే మొదలు కుళ్ళిన చెట్టు గాలికి ముందుగా పడుతుంది.

కొబ్బరికైతే లక్క గొడుగు కనిపించేసరికి ఆ చెట్టు దాదాపు పోయినట్టే. దానికంటే ముందే మొదట్లో బెరడు పగిలి ఎర్రటి జిగురు కారుతుంది, కింది ఆకులు వాలిపోతాయి. చూడాల్సింది ఆ జిగురును. అప్పుడు చెట్టుకు ఏడాదికి 5 కిలోల వేపపిండిలో 50 గ్రాముల ట్రైకోడెర్మా విరిడి (తెగులును అణిచే మేలు శిలీంద్రం) కలిపి పాదులో వేయడం, ఒక శాతం బోర్డో మిశ్రమం (మైలుతుత్తం, సున్నం కలిపినది) 40 లీటర్లు పాదంతా తడిసేలా పోయడం సిఫార్సు చేస్తారు. రెండూ ఒకేసారి కాదు, బోర్డో ట్రైకోడెర్మాను కూడా చంపేస్తుంది, మధ్యలో ఎడం ఇవ్వాలి. తోటంతా నీళ్ళు పారబెట్టడం ఆపి ఏ పాదుకు ఆ పాదు తడపాలి. నీటితో పాటే తెగులు పక్క చెట్టుకు నడుస్తుంది. మధ్యలో అరటి వేస్తే మంచిదని కూడా చెబుతారు.

చిన్నాన్న తోటలో రెండు చెట్లలో ఒకటి అప్పటికే చచ్చింది. దాన్ని మొదలుతో సహా తవ్వి, గొడుగులన్నీ ఏరి అక్కడే కాల్చాం. రెండోదాని చుట్టూ నాలుగడుగుల దూరంలో రెండడుగుల లోతు, అడుగు వెడల్పు కందకం తీశాం. గునపం నేనే పట్టాను, ఆయన్ను ఎండలో దిగనివ్వలేదు. అరుగు మీద కూర్చుని నీళ్ళ సీసా పక్కన పెట్టుకుని, "ఇంకొంచెం లోతుకి తియ్యరా, అక్కడ ఏరుంది సూడు" అంటూ చెప్తూనే ఉన్నాడు.